కారు పేరు చెప్పకు, బల్బు చూపించు

"నాన్నా, నువ్వు బ్రేకు తొక్కితే ఇండికేటరు కూడా వెలుగుతోంది!"

కారు వెనక నిలబడి మా అమ్మాయి అరిచిన అరుపుతో మొదలైంది నా గోల. మాది 1986 నాటి ప్రీమియర్ పద్మిని. కాకినాడలో దాన్ని పద్మిని అనేవాళ్లు తక్కువ, ఫియట్ అనే అంటారు. నాన్న కొన్న బండి. కుడివైపు బ్రేకు లైటు నిద్రమత్తులో ఉన్నట్టు మసగ్గా ఉంది. దాని పక్కనున్న ఇండికేటరు, నేను మీట ముట్టుకోకుండానే, ఆరిపోబోయే అగరొత్తిలా ఎర్రగా కనిపిస్తోంది. అమ్మాయిని సీట్లో కూర్చోబెట్టి బ్రేకు తొక్కమని నేను ముందుకెళ్లి చూస్తే, కుడివైపు ముందు ఇండికేటరులోనూ అదే ఎర్ర చుక్క. సందెవేళ కాబట్టి కనిపించింది. పట్టపగలైతే ఇంకో ఏడాది తెలిసేది కాదు.

ఎక్కడో వైర్లు కలిసిపోయాయనుకున్నాను. తీరా గ్లాసు విప్పి చూస్తే వైర్లు బాగానే ఉన్నాయి. పోయింది హోల్డరు, అంటే బల్బు కూర్చునే చిన్న లోహపు కప్పు. లోపల చిలుము, బయట తుప్పు. బల్బు కింద ఉండాల్సిన గోధుమరంగు బిళ్ల వేలు పెడితే నానిన అప్పడంలా విరిగి చేతికొచ్చింది. సముద్రం పక్క ఊళ్లో నలభై ఏళ్లు బతికిన వస్తువు అంతకంటే బాగుండాలనుకోవడం అత్యాశే.

ఇక హోల్డరు కోసం తిరుగుడు. మొదటి షాపులో "ఏం బండండీ?" అన్నాడు. "ఫియట్" అన్నాను. "లేదండి" అన్నాడు, నేను ఆ మాట పూర్తిచేయకముందే. రెండో షాపులో నవ్వారు. మూడో షాపులో కుర్రాడు ఫోనులో ఏదో వెతికి, ఫియట్ అంటే పుంటోనా అని అడిగాడు. పాత సామాన్ల వ్యాపారి ఒకాయన మొత్తం టెయిల్ ల్యాంపు ఉందన్నాడు, ఒక్క వైపుది 3,500 రూపాయలు, గ్లాసు మీద చిన్న పగులు, బేరం లేదు. అందులో హోల్డరు ఎలా ఉందని అడిగితే "అది మీ అదృష్టమండి" అన్నాడు. మా బావమరిది ఎల్‌ఈడీ వేసేయమన్నాడు. ఇంకా తెలివైనవాళ్లు బండే అమ్మేయమన్నారు. రెండు వందల గ్రాములు కూడా లేని వస్తువు పాడైందని ఎనిమిది వందల కిలోల పైచిలుకు బండిని తూకానికి వేయమనే సలహా మన దగ్గర ఎంత తేలిగ్గా ఇస్తారో అప్పుడే తెలిసింది.

ఈ వ్యాసంలో నేను వాదించేది ఒక్కటే. పాత కార్ల లైట్ల విషయంలో "దొరకదు" అనే మాట చాలాసార్లు అబద్ధం. అబద్ధమాడాలని ఎవరూ ఆడరు. కారు పేరుతో వెతుకుతున్నాం కాబట్టి దొరకట్లేదు, అంతే.

పద్మిని సంగతే చూడండి. 1964లో ఫియట్ 1100 డిలైట్ పేరుతో ముంబయి కుర్లాలో ప్రీమియర్ కంపెనీ మొదలుపెట్టిన బండి ఇది. పద్మిని అన్న పేరు 1970లలో వచ్చింది. 2000 ప్రాంతంలో తయారీ ఆగింది. ఆ తర్వాత కూడా విడిభాగాలు దొరికాయంటే ముంబయి టాక్సీల పుణ్యమే ఎక్కువ. 2023 అక్టోబరు చివర్లో ఆఖరి పద్మిని టాక్సీ కూడా రోడ్డు మీంచి తప్పుకుంది. రోజూ తిరిగే బండి లేకపోతే దానికి సామాను తయారుచేసేవాడెవడు? కార్బ్యురేటర్ ముక్కకో, తలుపు గొళ్లేనికో ఈ బాధ నిజమైన బాధే. వాటికి ఇంకో బండి సరుకు పనికిరాదు. కానీ బల్బు అలా కాదు. మా ఊళ్లో ఏ పెట్రోలు బంకు పక్కనున్న షాపుకెళ్లినా మా ఫియట్ బ్రేకు బల్బు దొరుకుతుంది. ఆ బల్బు నిలవాలంటే ఎక్కడో ఎవరో దాని హోల్డరూ తయారుచేస్తూ ఉండాలి కదా! ఈ చిన్న లెక్క నాకు తట్టలేదు. విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దాయన తట్టించాడు.

దానికి ముందు ఎర్త్ సంగతి చెప్పాలి, ఎందుకంటే హోల్డరు పోయిందని మార్చేసేవాళ్లలో సగం మందికి పోయింది ఎర్తే అయి ఉంటుంది.

ఈ కార్లలో బ్యాటరీ ప్లస్ నుంచి బల్బు దాకా వైరు వస్తుంది. తిరిగి వెళ్లేందుకు విడిగా వైరు ఉండదు. బల్బు కప్పు నుంచి హోల్డరుకి, హోల్డరు నుంచి ల్యాంపు రేకుకి, రేకు నుంచి బాడీకి, బాడీ నుంచి బ్యాటరీ మైనస్‌కి కరెంటు వెళ్లిపోవాలి. ఈ దారిలో ఎక్కడ తుప్పు పట్టినా కరెంటుకి దారి మూసుకుపోయినట్టే. అప్పుడది పక్క సందులు వెతుక్కుంటుంది. మా బండిలో బ్రేకు బల్బు దాటిన కరెంటు రేకులోంచి బాడీకి దిగలేక, పక్కనున్న ఇండికేటరు బల్బులోకి వెనక నుంచి దూరి, దాని వైరు పట్టుకుని ముందు ఇండికేటరు దాకా పోయి, అక్కడ మంచి ఎర్త్ దొరికితే దిగింది. మా అమ్మాయికి కనిపించిన ఎర్ర చుక్కలు ఆ దొడ్డిదారివి. బ్రేకు తొక్కితే ఇంకో లైటు వెలగడం, ఇండికేటరు వేస్తే పార్కింగ్ లైటు దానితో పాటు కొట్టుకోవడం, ఇలాంటి దెయ్యం చేష్టలు కనిపిస్తే మొదట అనుమానించాల్సింది ఎర్త్‌నే.

పరీక్షకి పెద్ద సామాను అక్కర్లేదు. లైటు వెలుగుతుండగా మల్టీమీటరు ఒక పుల్ల బ్యాటరీ మైనస్ మీద, రెండోది హోల్డరు కప్పు మీద పెట్టాలి. మంచి ఎర్త్ ఉంటే సున్నాకి దగ్గర్లో, మహా అయితే ఒక వోల్టులో నాలుగో వంతు చూపించాలి. నాకు 5 వోల్టులు చూపించింది. బ్యాటరీ 12.4 ఉంటే బల్బుకి దక్కింది 7.4 మాత్రమే.

ఇక్కడే చాలామంది పొరబడతారు. వోల్టేజీ సగానికి పైగా వస్తోంది కదా, వెలుగూ సగం ఉంటుందిలే అనుకుంటారు. ఫిలమెంటు బల్బు అలా లొంగదు. వోల్టేజీ పదో వంతు తగ్గితే వెలుగు దాదాపు మూడో వంతు పడిపోతుంది. 7.4 వోల్టుల దగ్గర మా బ్రేకు లైటు వెలుగు ఉండాల్సినదానిలో ఆరో వంతు దగ్గరే ఉంది. 21 వాట్ల బల్బు పెట్టుకుని వెనకవాడికి నేను చూపిస్తున్నది ఒక చిన్న పార్కింగ్ లైటన్న మాట. సామర్లకోట రోడ్డులో లారీలు నా వెనక అంత దగ్గరికి ఎందుకొస్తున్నాయా అని విసుక్కునేవాణ్ని.

ల్యాంపు విప్పి, రేకు బాడీకి ఆనే చోట ఉప్పుకాగితంతో మెరిసేదాకా రుద్ది, అనుమానానికి ఒక ఎర్త్ వైరు కూడా హోల్డరు నుంచి బాడీ బోల్టుకి వేశాను. దెయ్యం పారిపోయింది. లైటు ధగధగా వెలిగింది. రెండు రోజులు. మూడో రోజు గతుకులో పడగానే ఆరిపోయింది, ఎందుకంటే ఆ గోధుమ బిళ్ల ముక్కలు ముక్కలుగా ఉందని ముందే చెప్పాను కదా.

అప్పుడు వెళ్లాను ఆటోనగర్. పొద్దున్నే రైలు పట్టుకుని, విప్పిన ల్యాంపు ఒక సంచిలో వేసుకుని. లారీల బాడీలు కట్టేవాళ్లు, రేడియేటర్లు అతికేవాళ్లు, పట్టీలు సాగదీసేవాళ్లు, ఆ సుత్తి చప్పుళ్లలో నాలుగు షాపులు తిరిగినా కాకినాడ జవాబే వచ్చింది. ఐదోది లారీల ఎలక్ట్రికల్ సామాన్ల షాపు. గల్లాలో ఒక పెద్దాయన. "ఫియట్ కారుకి హోల్డరు కావాలి బాబాయ్ గారూ" అన్నాను.

"కారు పేరు చెప్పకు, బల్బు చూపించు" అన్నాడు.

చూపించాను. తిప్పి అడుగు చూశాడు. వెనక్కి తిరిగి ఒక అట్టపెట్టె లాగి, అందులోంచి హోల్డరు తీసి, బల్బు అందులో నొక్కి తిప్పాడు. టక్కున కూర్చుంది. ట్రాక్టరు ట్రక్కు వెనక లైటుకి వేసే హోల్డరట. నలభై ఐదు రూపాయలు. నాలుగు కొన్నాను. నా మొహం చూసి ఆయనకి నవ్వొచ్చింది. "కారుకి పేరుంటుంది గానీ బల్బుకేం పేరయ్యా, దానికి సైజే" అన్నాడు.

ఆయన చేత్తో చెప్పినది కాగితం మీద కూడా ఉంది. ఈ బల్బుల అడుగుకి అంతర్జాతీయ కొలతలున్నాయి. మామూలు ఇండికేటరు బల్బుది బీఏ15ఎస్. బీ అంటే బేయొనెట్, తుపాకీ కొసకి కత్తి బిగించినట్టు నొక్కి తిప్పే పద్ధతి. 15 అంటే అడుగు వ్యాసం మిల్లీమీటర్లలో. ఎస్ అంటే సింగిల్, అడుగున కరెంటు అందుకునే చుక్క ఒక్కటే. బ్రేకు లైటూ పార్కింగ్ లైటూ ఒకే బల్బులో ఉంటే దానిది బీఏవై15డీ. డీ అంటే డబుల్, అడుగున రెండు చుక్కలు. దీని పక్కనున్న రెండు పిన్నులూ ఒకే ఎత్తులో ఉండవు, ఒకటి కొంచెం పైన, ఒకటి కొంచెం కింద. నారింజ గాజు ఇండికేటరు బల్బుకి పిన్నులు ఎదురెదురుగా కాకుండా పక్కకి జరిగి ఉంటాయి. డ్యాష్‌బోర్డు చిన్న బల్బులు చాలావాటికి 9 మిల్లీమీటర్ల అడుగు. ఇంతే. అంబాసిడరైనా, మహీంద్రా జీపైనా, ట్రాక్టరు ట్రక్కయినా చాలావరకు ఈ నాలుగైదు అడుగుల మీదే నడిచాయి. పశ్చిమ బెంగాల్ ఉత్తరపారా ఫ్యాక్టరీలో 2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయినా దాని బల్బు ఆగలేదు.

ఆ ఎత్తూ పల్లం పిన్నుల గురించి ఒక మాట. డబుల్ బల్బులో 21 వాట్ల ఫిలమెంటు బ్రేకుది, 5 వాట్లది పార్కింగ్‌ది. బల్బు ఒకే వైపుగా దూరాలనే పిన్నులు అలా పెట్టారు. కొన్నేళ్ల క్రితం ఒక మెకానిక్కు, ఎవరో నేను చెప్పను, బల్బు దూరట్లేదని ఒక పిన్ను ఆకురాయితో అరగదీసి తిరగేసి బిగించాడు. ఫలితం? రాత్రి పార్కింగ్ వేస్తే బ్రేకు లైటంత వెలుగు, బ్రేకు తొక్కితే దానికి 5 వాట్ల చిల్లర తోడు. వెనకవాడికి నేను ఆగుతున్నానో వెళుతున్నానో తెలిసే దారి లేదు. ఆరు నెలలు అలా తిరిగాను. ఆయన ఓపికకి డబ్బులు కూడా ఇచ్చాను.

హోల్డరు దొరికింది కానీ నేరుగా సరిపోలేదు. మా ల్యాంపులో పాత కప్పు రేకుకి నొక్కేసి ఉంది. దాన్ని పీకితే రేకు చిరుగుతుంది. పెద్దాయన అదీ ముందే చెప్పాడు, కప్పు అలాగే ఉంచి లోపలి సరుకు మార్చమని. కొత్త హోల్డరు లోంచి బిళ్ల, స్ప్రింగు, వైర్లు బయటికి లాగి పాత కప్పులో కూర్చోబెట్టడం. ఈ పనికి ఒక ఆదివారం పట్టింది. చేయి తిరిగినవాళ్లకి గంట.

ముందు బ్యాటరీ మైనస్ తీసేశాను. పాత ఇత్తడి కప్పు లోపల చిలుము వదిలించడానికి ఇంట్లో ఇత్తడి బిందెలకి వాడేదే వాడాను, చింతపండు. నానబెట్టిన గుజ్జు పాత టూత్‌బ్రష్‌తో రుద్ది పది నిమిషాలు ఉంచితే కప్పు పెళ్లినాటి బిందెలా మెరిసింది. పులుపు మిగిలితే మళ్లీ చిలుము పడుతుంది కాబట్టి వంటసోడా నీళ్లతో కడిగి, ఎండలో పూర్తిగా ఆరబెట్టాలి. ఇనుప కప్పయితే ఈ వైద్యం వద్దు, పైనున్న పూత కూడా పోతుంది. దానికి ఉప్పుకాగితమే మేలు.

కొత్త బిళ్ల మా కప్పులో అర మిల్లీమీటరు బిగువైంది. ఎడమవైపు ల్యాంపుకైతే బిళ్ల నేనే కోసుకున్నాను, హైలం షీటులోంచి, అంటే కరెంటు పారనివ్వని గట్టి పలక. ఎలక్ట్రికల్ షాపులో చిన్న ముక్క ఇస్తారు. ఆ పేరు మొదట్లో ఉన్న హై మన హైదరాబాద్‌దే. వనస్పతిని డాల్డా అన్నట్టు, ఒక కంపెనీ సరుకు పేరు ఆ రకం పలకలన్నింటికీ పేరయిపోయింది. ప్లాస్టిక్ మూత కోసి బిళ్లగా వాడొచ్చు కదా అని అడగొద్దు. 21 వాట్ల బల్బు వేడికి మూత మెత్తబడి, చుక్కలు పక్కకి జరిగి కప్పుని తాకుతాయి. నేను చేసి చూశాను కాబట్టి చెబుతున్నాను. ఫ్యూజు పోయింది, మూత వాసన రెండు రోజులు కారులో ఉంది.

స్ప్రింగు విషయంలోనూ ఒక తప్పు చేశాను. బాల్‌పెన్ను స్ప్రింగు పెట్టి, కరెంటు కూడా దాన్లోంచే పోతుందిలే అనుకున్నాను. స్ప్రింగు పని బల్బుని పైకి నెట్టడం మటుకే. కరెంటు మోయాల్సింది వైరు. వైరు కొసని బిళ్ల కంతలోంచి పైకి తెచ్చి ఇత్తడి చుక్కకి టంకం వేయాలి, స్ప్రింగు బిళ్ల కింద ఉండాలి. సన్నటి ఉక్కు తీగలోంచి దాదాపు రెండు ఆంపియర్లు పంపితే అది వేడెక్కి బిగువు పోగొట్టుకుని చచ్చుబడిపోతుంది. చివర్లో బల్బు అడుగుకి వేలికొసతో కొంచెం వ్యాజలీన్ పూశాను, తేమ చేరకుండా. గోడకి సున్నం కొట్టినట్టు పట్టించకూడదు.

ఇప్పుడు మా బావమరిది ఎల్‌ఈడీ. వాడి మాట పూర్తిగా కొట్టిపారేయలేను. పాత బల్బు 21 వాట్లు తింటుంటే ఎల్‌ఈడీకి రెండు మూడు వాట్లు చాలు. అంత తక్కువ కరెంటుకి చెడ్డ ఎర్త్ కూడా చాలావరకు అడ్డుపడదు కాబట్టి, వేయగానే వెలుగుతుంది. నా అభ్యంతరం అక్కడే. జ్వరం ఉన్నవాడికి థర్మామీటరు తీసేసినట్టు, తుప్పు అలాగే ఉంటుంది, మనకి కనపడదు. దానిమీద, ఇండికేటరుని కొట్టుకునేలా చేసే పాత ఫ్లాషరు తక్కువ కరెంటుని చూసి లెక్క తప్పుతుంది. కొన్ని ఫ్లాషర్లు గబగబా కొట్టుకుంటాయి, కొన్ని అసలు కొట్టుకోవు. మా ల్యాంపు వెనక ఉన్న అద్దపు గిన్నె ఫిలమెంటు ఎక్కడ ఉంటుందో అక్కడికి లెక్కగట్టి చేసింది. వెలుగు వేరే చోటి నుంచి వస్తే గిన్నె మధ్యలో ఒక చుక్క మెరిసి చుట్టూ చీకటి మిగులుతుంది. ఎర్ర గ్లాసు వెనక తెల్ల ఎల్‌ఈడీ పెడితే ఇంకా దండగ, తెల్ల ఎల్‌ఈడీ వెలుగులో ఎరుపు పాలు తక్కువ. పెట్టేవాళ్లు కనీసం ఎర్రదే పెట్టండి, హోల్డరు బాగుచేశాకే పెట్టండి.

అలాగని ప్రతి హోల్డరునీ బతికించాలని మొండికేయను. హెడ్‌లైటు విషయంలో నాది పూర్తిగా ఎదుటి పక్షం. హెచ్4 అనే రకం బల్బు 60/55 వాట్లది, హై బీమ్‌కి 60, లో బీమ్‌కి 55, నాలుగైదు ఆంపియర్లు లాగుతుంది. మన వాళ్లు సరదాకి 100/90 వేస్తారు. అప్పుడు ఎనిమిది ఆంపియర్లు దాటుతుంది, వెనకనున్న ప్లాస్టిక్ హోల్డరు గోధుమరంగుకి తిరిగి, కరిగి, బల్బుకి అతుక్కుపోతుంది. మాడిన హోల్డరుకి మరమ్మతు చేయకండి. లోపలి పట్టీలు వేడికి బిగువు కోల్పోయి ఉంటాయి, మళ్లీ మాడతాయి. పింగాణీది ఒకటి కొని, వీలైతే రిలే, అంటే పెద్ద కరెంటుని మీట బదులు తాను మోసే విడి స్విచ్చు, వేయించి, మామూలు వాట్ల బల్బుకి మారిపోండి. కాలిన వైరు కొస కూడా నాలుగు అంగుళాలు కోసి పారేయాలి. ఇక్కడ పొదుపు చేసేవాళ్ల బానెట్ల కింద పొగ చూశాను.

నా వాదన చిక్కుల్లో పడేది కొత్త బళ్ల దగ్గర. పక్కింటి వాళ్ల కారు పన్నెండేళ్లది. దాని టెయిల్ ల్యాంపులో విడి హోల్డరు లేదు. ప్లాస్టిక్ పలక మీద సన్నటి రేకు పట్టీలు అతికించి, అందులోనే బల్బు గూళ్లు పోశారు. ఒక గూడు కరిగితే షోరూములో మొత్తం ల్యాంపే అమ్ముతామన్నారట. బల్బు మాత్రం యథాప్రకారం సైజుల బల్బే! అంటే కొలత మారలేదు, అమ్మే పద్ధతి మారింది. అలాంటి చోట కరిగిన గూడు కోసేసి, వైర్లున్న విడి హోల్డరు పెట్టి అతికే ఎలక్ట్రీషియన్లు ఉన్నారు. అందంగా ఉండదు. పనిచేస్తుంది.

మన కేంద్ర వినియోగదారుల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కు మీద ఒక కమిటీ వేసింది, ఆ డిసెంబరులో దానికో పోర్టలూ తెరిచింది. వ్యవసాయ యంత్రాలు, ఫోన్లు, ఇంటి సామాన్లతో పాటు వాహనాలూ ఆ జాబితాలో ఉన్నాయి. మంచిదే. నన్నడిగితే మాత్రం పెద్ద పెద్ద మాటల కంటే ముందు ఒక చిన్న నిబంధన చాలు. మార్కెట్లో దొరికే కొలత బల్బు వాడే ప్రతి ల్యాంపుకీ హోల్డరు విడిగా అమ్మాలి, లేదా కనీసం విప్పి మార్చేలా ఉండాలి. ఎందుకింత పట్టుదలంటే, ప్రభుత్వమే ఇంకో పక్క పాత బండి మీద ఖర్చు పెంచుతోంది. 15 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ 2022 ఏప్రిల్ దాకా 600 రూపాయలుండేది, అప్పుడు 5,000 చేశారు. 20 ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో 10,000 చేశారు. తనిఖీలో లైట్లు చూస్తారు, చూడాలి కూడా. పొగ ఎక్కువొస్తోందని బండి తప్పిస్తే నాకు పేచీ లేదు. నలభై ఐదు రూపాయల వస్తువు విడిగా అమ్మనందుకు బండి తప్పితే ఉంది.

పాత బండి ఉంచుకోవడం పర్యావరణానికి మంచిదా చెడ్డదా అన్న చర్చలోకి నేను దిగట్లేదు. మా ఫియట్ నెలకి నాలుగుసార్లు బయటికొస్తుంది, ఒకసారి పిఠాపురం దాకా.

కుడివైపు ల్యాంపు బిగించి నాలుగు నెలలైంది. హోల్డరు దగ్గర మొన్న మళ్లీ మీటరు పెట్టి చూశాను, వోల్టులో పదో వంతు. ఎడమవైపు నేను కోసిన హైలం బిళ్ల కూడా నిలిచింది, ఒక చుక్క మటుకు కొంచెం పక్కకి ఉంది, బల్బు పెట్టేటప్పుడు రెండుసార్లు తిప్పాల్సి వస్తోంది. మిగిలిన రెండు హోల్డర్లు సొరుగులో ఉన్నాయి. మా ఆవిడ వాటికంటే చింతపండు లెక్క ఎక్కువగా అడుగుతోంది.

ఇక మిగిలింది నంబరు ప్లేటు లైటు. దానిది రెండు కొనలూ మొనదేలిన గొట్టం లాంటి బల్బు, రెండు రేకు పట్టీల మధ్య ఇరుక్కుని ఉంటుంది. పట్టీలు తుప్పుకి సన్నబడి పట్టు వదిలేశాయి, తలుపు గట్టిగా వేస్తే బల్బు జారి పడుతోంది. పాత ఫ్యూజు బాక్సులోంచి ఇత్తడి పట్టీలు కోసి రివెట్టు కొట్టొచ్చేమో అనిపిస్తోంది. ఆదివారం బల్బు జేబులో వేసుకుని ముందు మెయిన్ రోడ్డు షాపుల్లో ఒకసారి అడిగి చూస్తాను. ఫియట్ అన్న మాట మాత్రం ఎత్తను.